మస్టరు చదివి వినిపించిన ఊరు

రాజస్థాన్‌లో కోట్ కిరాణా అనే ఊరుంది, ఆ రోజుల్లో అది పాలీ జిల్లాలో ఉండేది. 1994 డిసెంబరు 2న అక్కడ ఊరి జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి పంచాయతీ కాగితాలు గట్టిగా చదివారు. ఏ పనికి ఎంత మంజూరైంది, ఎవరు ఎన్ని రోజులు పనిచేసినట్టు రాశారు, ఎవరికెంత కూలి ముట్టినట్టు చూపించారు, అన్నీ పేర్లతో సహా, వరసగా. దగ్గర్లోనే పట్వారీ కోసం కట్టిన భవనం ఒకటి గోడల దగ్గర ఆగిపోయి నిలబడి ఉంది. పైకప్పు లేదు. కాగితాల్లో మాత్రం అది పూర్తయిపోయింది. తలెత్తితే ఆకాశం కనిపించే భవనానికి లెక్క మూసేశారని తెలుసుకోవడానికి ఎవరికీ అక్షరాలు రానక్కర్లేదు. చదివి వినిపిస్తే చాలు.

ఇంత మామూలు పనికి ఆ ప్రాంతపు కూలీలకు ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు, తిండి మానేసి దీక్షలకు కూర్చున్నారు. సుప్రీంకోర్టు తీర్పు కూడా అప్పటికే వాళ్ల పక్షాన ఉంది. అవన్నీ తేల్చలేని పనిని కాగితం చదవడం ఎలా తేల్చిందన్నదే ఈ కథ. దీని రెండో సగం మన అనంతపురంలో జరిగింది.

1987లో ముగ్గురు మనుషులు రాజసమంద్ ప్రాంతంలోని దేవ్‌డుంగ్రీ అనే చిన్న పల్లెకు వచ్చి ఒక మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. ఒకరు అరుణా రాయ్. 1968లో ఐఏఎస్‌లో చేరి, కొన్నేళ్లకే ఆ ఉద్యోగం వదిలి, తిలోనియాలోని స్వచ్ఛంద సంస్థలో పనిచేసి వచ్చారు. రెండోవారు నిఖిల్ డే, అమెరికాలో చదువుకోవడానికి వెళ్లి తిరిగొచ్చిన యువకుడు. మూడోవారు శంకర్ సింగ్. ఆ మట్టిలో పుట్టినవాడే, బొమ్మలాట ఆడిస్తాడు, పాట కడతాడు, వెటకారంలో ఆయనకు సాటి లేరు. ఈ మూడో మనిషి ప్రస్తావన చాలా వ్యాసాల్లో ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. నా లెక్కలో ఆయన పాత్ర మిగతా ఇద్దరికీ ఏమాత్రం తక్కువ కాదు. బడ్జెట్ అంకెల్ని నవ్వించే కథగా మార్చి చెప్పగల మనిషి లేకపోతే, మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చదువుతుంటే ఎండలో కూర్చుని వినేదెవరు?

వాళ్లు పథకమో ప్రాజెక్టో పట్టుకుని రాలేదు. సంస్థల నుంచి నిధులు తీసుకోకూడదని, కూలీలు బతికినట్టే కనీస కూలి స్థాయిలో బతకాలని అనుకున్నారు. అది త్యాగం కోసం పెట్టుకున్న నియమంలా కనిపిస్తుంది కానీ, పై పదేళ్లలో అదే వాళ్లను కాపాడింది. లెక్క అడిగేవాడి మీద మొదట పడే రాయి ‘మరి నీ లెక్కో?’ అన్నదే. ఆ రాయి వీళ్లకు తగల్లేదు.

అక్కడ వాన తక్కువ, భూమి తక్కువ. కరువొస్తే ప్రభుత్వం రోడ్డు పనో చెరువు పనో పెడుతుంది. 1980ల చివర అక్కడ కనీస కూలి రోజుకు 11 రూపాయలు. చేతికొచ్చేది అంతకంటే బాగా తక్కువ. ఎందుకంటే కూలి కొలత మీద ఆధారపడి ఉంటుంది. జూనియర్ ఇంజినీరు వచ్చి గుంపు మొత్తం తవ్విన మట్టిని కొలుస్తాడు, ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాసుకుంటాడు, ‘మీరు చేయాల్సినంత చేయలేదు’ అని కోస్తాడు. మస్టరులో ఊళ్లో లేనివాళ్ల పేర్లూ నాలుగు ఉంటాయి కాబట్టి, ఉన్నవాళ్ల చెమట లేనివాళ్ల ఖాతాలోకి కూడా పంపకమవుతుంది. మన పల్లెల్లో దొంగ మస్టర్లు అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక విచిత్రముంది. కరువు పనుల్లో కూడా కనీస కూలి కంటే తక్కువ ఇస్తే అది రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1983లోనే తీర్పు ఇచ్చింది. ఆ కేసు పుట్టిందే రాజస్థాన్‌లోని ఒక రోడ్డు పని నుంచి. కేసు వేసింది తిలోనియా సంస్థ స్థాపకుడు, అరుణా రాయ్ భర్త, సంజిత్ రాయ్. అంటే దేశంలోకెల్లా పెద్ద కోర్టు, ఇదే రాష్ట్రం మీద, ఇదే సంగతి తేల్చేసి అయిదేళ్లు గడిచినా కూలి పెరగలేదు. చట్టం తెచ్చుకుంటే గెలిచినట్టే అనుకునేవాళ్లు ఒకసారి ఆగి చూడాల్సిన చోటు ఇది.

1990 మే 1న భీమ్ పట్టణంలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ కనీస కూలి కోసం భీమ్‌లో నిరాహార దీక్షలు జరిగాయి. పత్రికలు రాశాయి, అధికారులు వచ్చారు, హామీలు ఇచ్చారు. కొందరికి బాకీ ముట్టింది కూడా. తర్వాతి పనికి మళ్లీ అదే కొలత, అదే కోత. దీక్ష అవతలివాడి మనసుకో పరువుకో తగలాలి. తగిలినప్పుడు ఒక బాకీ వసూలవుతుంది, కానీ బాకీలు పుట్టించే యంత్రం అలాగే ఉంటుంది. పైగా దీక్షకు పెట్టుబడి కూర్చున్నవాళ్ల ఒళ్లే. ఏడాదికోసారి ఒళ్లు పెట్టుబడి పెట్టి ఎంతమంది ఎన్నాళ్లు పోరాడతారు?

ఈ దీక్షలన్నింటిలోనూ అవతలి పక్షం జవాబు ఒక్కటే: ‘కాగితాల ప్రకారం మీరు పని తక్కువ చేశారు.’ కూలీలేమో పూర్తిగా చేశామంటారు. నీ మాట, నా మాట. కాగితం ఎవరి దగ్గర ఉంటే నిజం వాళ్లది. ఆ కాగితం చూపించమంటే అది ప్రభుత్వ రహస్యం. 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీడ పంచాయతీ మస్టరు మీద కూడా పరుచుకుంది. ఆ కాగితాలు బయటికి రానంత కాలం మనం అబద్ధాలకోరులుగానే మిగిలిపోతామన్న మాట కూలీల నుంచే వచ్చిందని సంఘటన్ వాళ్లు ఎప్పుడూ చెబుతుంటారు. డిమాండు ‘కూలి ఇవ్వండి’ నుంచి ‘లెక్క చూపించండి’కి మారింది ఇక్కడే.

పైకి ఇది వెనకడుగులా కనిపిస్తుంది. కడుపు కాలుతున్నవాడు కూలి అడగడం మానేసి కాగితం అడగడమేమిటి? కానీ మొదటి డిమాండు ఇంజినీరుతో వాదన, రెండోది వాదించడానికి వీల్లేనిది. ‘ఇంత కూలి ఇవ్వలేం’ అని ప్రభుత్వం ధైర్యంగా చెప్పగలదు. ‘మీ డబ్బు ఎలా ఖర్చు పెట్టామో మీకు చెప్పం’ అని ఊరి నడిబొడ్డున నిలబడి చెప్పడం ఏ నాయకుడికీ కుదరదు. ఇంకొకటి, కూలి కూలీల సమస్య, లెక్క ఊరందరిదీ. బడి గోడ కట్టకుండానే డబ్బు డ్రా అయిందంటే కిరాణా కొట్టువాడికీ మండుతుంది, రైతుకూ మండుతుంది.

కోట్ కిరాణాలో జరిగిన ఆ మొదటి విచారణకు ముందు, అడిగితే ఒక అధికారి కాగితాలు చూడనిచ్చాడు. అన్నిచోట్లా అలాంటివాళ్లు దొరకలేదు, అందుకే తర్వాత చట్టం కావాల్సి వచ్చింది. దొరికిన మస్టర్లను ఎత్తి రాసుకుని ఇంటింటికీ తిరిగారు. నీ పేరు ఇందులో ఉంది, నువ్వు ఈ పనికి వెళ్లావా? ఎన్ని రోజులు? ఎంత ఇచ్చారు? ఇలా అడుగుతూ పోతే చనిపోయినవాళ్లు, పట్నానికి వలసపోయినవాళ్లు, ఎన్నడూ పార పట్టనివాళ్లు మస్టరులో తేలారు. తర్వాత బహిరంగ విచారణ, అక్కడి మాటలో జన్ సున్‌వాయీ. దాని అమరిక చూడండి. వేదిక మీద సంఘటన్ నాయకులు కాకుండా బయటి నుంచి వచ్చిన లాయర్లు, పత్రికలవాళ్లు, పంతుళ్లు ఉంటారు. సర్పంచికీ గ్రామసేవకుడికీ ఇంజినీరుకూ ముందే కబురు వెళుతుంది, వచ్చి జవాబు చెప్పుకోవడానికి అవకాశం ఉంటుంది. ఆరోపణ చేయరు, కాగితం చదువుతారు. పేరున్న మనిషి లేచి ‘నేను వెళ్లలేదు’ అంటుంది. అంతే. తీర్పు చెప్పే పని ఎవరికీ మిగలదు.

ఆ మనిషి చాలా సందర్భాల్లో చదువు రాని ఆడమనిషి. కానీ ఆ పని గురించి జిల్లా కలెక్టరుకు తెలియనిది ఆమెకు తెలుసు. ఆమె ఆ గుంత తవ్వింది, ఎంత లోతో చెప్పగలదు. ఆడిటర్ జనరల్ కార్యాలయం వాళ్లు వచ్చినా చూసేది వోచరు సరిగ్గా ఉందా, సంతకం ఉందా అని. దొంగ వోచరు ఎప్పుడూ అసలు వోచరు కంటే శుభ్రంగా ఉంటుంది. కాగితాన్ని కాగితంతో కాకుండా మనిషితో సరిచూడటం ఈ కథలోని అసలు కొత్త సంగతి.

కోట్ కిరాణా తర్వాత అయిదు నెలల్లో భీమ్, విజయపురా, జవాజా, థానా. భీమ్‌లో కాగితం మీద తప్ప ఎక్కడా లేని ఒక కంపెనీకి సామాను సరఫరా పేరుతో లక్షలు చెల్లించిన సంగతి బయటపడింది. అప్పుడు అజ్మీర్ జిల్లా గ్రామసేవకులు సమ్మెకు దిగారు. ప్రభుత్వ ఆడిట్‌కు తప్ప ప్రజల తనిఖీకి ఒప్పుకోమన్నారు. ఉద్యమానికి అంతకంటే మంచి ప్రచారం ఎవరు చేయగలరు? అప్పటిదాకా ఇదేదో నాలుగు పల్లెల గొడవ అనుకున్నవాళ్లకు కూడా, ఇంతగా దాచుతున్నారంటే లోపల ఏదో ఉందని అర్థమైంది.

రాజస్థాన్‌లో లెక్క అడిగినట్టే, సరైన చోటు వెతికి నొక్కడం మన దగ్గరా ఆ రోజుల్లోనే జరిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లు మొగుళ్లకు నీతులు చెప్పడంతో ఆగిపోలేదు. దుకాణం ఊళ్లోకి రాకుండా అడ్డుకున్నారు, ఆపైన సారా వేలంపాటల్నే పట్టుకున్నారు. వేలం జరగకపోతే ఖజానాకు రాబడి లేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ తర్వాత మద్య నిషేధం వచ్చి, సడలి, పోయిన కథ వేరు.

1995 ఏప్రిల్ 5న రాజస్థాన్ ముఖ్యమంత్రి భైరోన్‌సింగ్ షెకావత్ శాసనసభలో ఒక మాట ఇచ్చారు: పంచాయతీ పనుల కాగితాల నకళ్లు ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు. మాట పత్రికలో వచ్చింది, ఉత్తర్వు రాలేదు. సంఘటన్ ఏడాది ఆగింది. పేపరు కటింగు దాచుకుంది. 1996 ఏప్రిల్ 6న, ఏడాది గడిచిన మర్నాడు, ఆ కటింగుతోనే బ్యావర్ పట్టణంలో చాంగ్ గేట్ దగ్గర ధర్నాకు కూర్చుంది. కొత్త డిమాండు ఏమీ లేదు, ముఖ్యమంత్రి గారి మాట ముఖ్యమంత్రి గారు నిలబెట్టుకోవాలి, అంతే!

జైపూర్ ఉండగా బ్యావర్ ఎందుకు? రాజధానిలో రోజుకో ధర్నా, ఎవడూ తలతిప్పి చూడడు. బ్యావర్ చుట్టూ వాళ్ల పల్లెలున్నాయి. కూలీలు వంతులవారీగా వచ్చిపోవచ్చు, ఎవరి పొలం పనీ మొత్తంగా ఆగదు. పాత బట్టల మిల్లుల ఊరు కాబట్టి కార్మిక సంఘాల అలవాటుంది. వ్యాపారుల ఊరు కాబట్టి లెక్క అంటే విలువ తెలుసు. పల్లెల నుంచి గోధుమలు వచ్చాయి, బజారువాళ్లు కూరగాయలిచ్చారు. అటు లోక్‌సభ ఎన్నికలు నడుస్తున్నాయి. ఏ పార్టీ వచ్చి పక్కన కూర్చున్నా రమ్మన్నారు కానీ మైకును ఎన్నికల సభగా మారనివ్వలేదు.

ధర్నా మొదలయ్యే సమయానికే ప్రభుత్వం ఒక ఉత్తర్వు పట్టుకొచ్చింది. కాగితాలు చూసుకోవచ్చు, చేత్తో రాసుకోవచ్చు, నకలు మాత్రం ఇవ్వం. చాలా ఉద్యమాలు ఇక్కడ దండలు వేసుకుని ఇంటికెళ్లిపోతాయి. వీళ్లు వెళ్లలేదు. చూసి రాసుకున్న కాగితం రేపు ఎవరైనా అబద్ధమంటే అబద్ధమే. ముద్ర ఉన్న జిరాక్సు కావాలి. చూడటానికీ నకలుకూ మధ్య ఉన్న ఆ సన్నటి గీత మీద నలభై రోజులు కూర్చున్నారు. జనసత్తా స్థాపక సంపాదకుడు ప్రభాష్ జోషీ వచ్చి చూసి రాశాక విషయం హిందీ ప్రాంతమంతా పాకింది. నాలుగో తరగతి చదివిన సుశీల అనే ఆమెను పత్రికలవాళ్లు ఈ కాగితాలతో నీకేం పని అని అడిగితే, పది రూపాయలిచ్చి కొడుకును బజారుకు పంపినా లెక్క అడుగుతానని, తన పేరు మీద ప్రభుత్వం కోట్లు ఖర్చు పెడుతుంటే అడగనా అని బదులిచ్చింది. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ (మా డబ్బు, మా లెక్క) అన్న నినాదానికి అంతకు మించిన వ్యాఖ్యానం తర్వాత ఏ ప్రొఫెసరూ రాయలేదు.

బ్యావర్‌లో దక్కింది ఒక కమిటీ. మరుసటి ఏడాది జైపూర్‌లో మళ్లీ ధర్నా, ఈసారి 53 రోజులు. చివర ఉపముఖ్యమంత్రి బయటికొచ్చి చెప్పిన సంగతి వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: నకళ్లు ఇవ్వాలన్న నోటిఫికేషను ఆరు నెలల కిందటే విడుదలైపోయిందట! ఎవరికీ తెలియదు. సమాచారం కోసం కూర్చున్నవాళ్లకు, సమాచారం ఇస్తామన్న సమాచారమే ఇవ్వలేదు.

ఆ నోటిఫికేషను చేతికొచ్చాక విచారణలు మరింత పదునెక్కాయి. 1998 జనవరిలో కుకర్‌ఖేడా అనే ఊళ్లో మహిళా సర్పంచి జనం ముందే తప్పు ఒప్పుకుని లక్ష రూపాయలు తిరిగి కట్టడానికి సిద్ధపడింది. జనావద్ పంచాయతీ కాగితాలు మాత్రం కదల్లేదు. వాటి కోసం ఏడాదికి పైగా తిరగాల్సి వచ్చింది. 2001 ఏప్రిల్‌లో విచారణ జరిగాక ప్రభుత్వమే వేసిన కమిటీ తేల్చింది, ఆరేళ్లలో ఖర్చయిన సుమారు కోటీ పాతిక లక్షల్లో 70 లక్షల దాకా స్వాహా అయిందని.

ఢిల్లీ కథను త్వరగా చెప్పుకోవచ్చు. మస్సూరీలోని ఐఏఎస్ అకాడమీలో 1995లోనే సమాచార హక్కు చట్టం ముసాయిదా గురించి కూర్చుని మాట్లాడారు. ఉద్యమం వీధిలో ఉంటూనే లోపలి మనుషుల్ని వదులుకోలేదు. 1996లో సమాచార హక్కు కోసం జాతీయ ప్రచార కమిటీ ఏర్పడింది, జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షతన ప్రెస్ కౌన్సిల్ ఒక ముసాయిదా తయారుచేసింది. తమిళనాడు, గోవా 1997లో, రాజస్థాన్ 2000లో సొంత చట్టాలు చేసుకున్నాయి. కేంద్రం 2002లో ఒక బలహీనమైన చట్టం చేసి అమలు తేదీ వేయడం మరిచిపోయింది. 2004లో ప్రభుత్వం మారింది, జాతీయ సలహా మండలిలో అరుణా రాయ్ సభ్యురాలయ్యారు. 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షను సన్నగా, పెద్దగా ఎవరి కంటా పడకుండా కూర్చుంది: పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలి.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. పథకం ప్రారంభం ఒక ఉత్సవం, అది ఎక్కడైనా జరగొచ్చు. తనిఖీ మాత్రం నిజంగానే ఇక్కడ వేరు తన్నింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ ముఖ్య కార్యదర్శి కె. రాజు రాజస్థాన్ సంఘటన్ వాళ్లను పిలిచి మనవాళ్లకు శిక్షణ ఇప్పించారు. అక్కడ పనిచేసి వచ్చిన సౌమ్య కిడాంబి ఇక్కడే ఉండిపోయి ఈ బాధ్యత తలకెత్తుకున్నారు. 2006 వర్షాకాలంలో అనంతపురం జిల్లా ఊళ్లలో వందల మంది కాలినడకన తిరిగి పెద్ద ఎత్తున తనిఖీ చేశారు. 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. ప్రభుత్వ నిధులతో నడిచినా, పథకం అమలు చేసే అధికారుల చేతి కింద లేకుండా. దాని మొదటి డైరెక్టరు సౌమ్య కిడాంబే.

సర్కారే తన మీద తనిఖీ పెట్టుకుంటే ఏమవుతుందన్నది పెద్ద సందేహం. ఇక్కడి అమరిక దానికి కొంత జవాబు. తనిఖీ చేసేది కూలీల ఇళ్లలో పుట్టి పదో ఇంటరో చదివిన పిల్లలు. సొంత ఊరు తప్ప వేరే ఊళ్లకు వెళతారు. ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు ఇంట్లో టీ కూడా తాగకూడదు. రికార్డులు ముందే తెచ్చుకుని, పొద్దున్నే కూలీలు పనికి పోకముందు అరుగు మీద కూర్చుంటారు. జాబ్ కార్డు తీయించి, కంప్యూటరు షీటు పక్కన పెట్టి, వారం వారం అడుగుతారు. ‘అమ్మా, సంక్రాంతి వారం ఆరు రోజులు చేసినట్టుందే?’ ‘పండగపూట ఎవరు పోతారు నాయనా?’ దాంతో ఆరు రోజులు పోయాయి. తర్వాత టేపు పట్టుకుని కుంట దగ్గరికి. పొడవు, వెడల్పు, లోతు. మొక్కలు నాటిన గుంతలైతే ఒక్కొక్కటీ లెక్క. రాసుకున్నది గ్రామసభలో చదువుతారు, ఆపైన మండలంలో ప్రజావేదిక. ఎంపీడీవో, ఉపాధి పథకం చూసే ఏపీవో, అప్పట్లో కూలి పంచే పోస్టుమాస్టరు, జిల్లా నుంచి వచ్చిన అధికారి, ఎదురుగా కూలీలు. కోట్ కిరాణాలో బతిమాలి తెచ్చుకున్న కాగితం ఇక్కడ అడగక్కర్లేకుండానే ప్రింటయి వచ్చింది. టీసీఎస్ తయారుచేసిన సాఫ్ట్‌వేరులో ప్రతి మస్టరూ ఉంది మరి.

పుట్టిల్లయిన రాజస్థాన్‌లో మాత్రం దీనికి ఆదరణ దక్కలేదు. 2006 ఏప్రిల్‌లో డూంగర్‌పూర్ జిల్లాలోని 237 పంచాయతీల్లో పాదయాత్రగా తనిఖీ సాగింది కానీ, 2007 చివర బాన్స్‌వాడాలో సంఘటన్‌కు రికార్డులే ఇవ్వలేదు. తర్వాత సర్పంచులు కోర్టుకెళ్లి అడ్డుకున్నారు. రాజస్థాన్‌లో సర్పంచి చేతిలో డబ్బూ అధికారమూ ఉంది, ఓట్లను కదిలించే బలం ఉంది. ఇక్కడ పథకం నడిపింది మండల స్థాయి అధికారులు, కాంట్రాక్టు మీద పనిచేసే ఫీల్డ్ అసిస్టెంట్లు. తనిఖీలో దొరికితే పోయేది ఎక్కువగా చిన్న ఉద్యోగమే, పెద్ద రాజకీయం కదలదు. మనం గొప్పగా చెప్పుకునే విజయంలో ఈ చేదు కొంచెం కలిసి ఉంది.

అంకెలు చూస్తే ఆ చేదు ఇంకా తగులుతుంది. ఫర్జానా ఆఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు ఆంధ్రలోని ఎనిమిది జిల్లాల తనిఖీ నివేదికలు తిరగేశారు. మాయమైందని తేలిన సొమ్ములో నూటికి ఎనభై వంతులకు పైగా తిరిగి రాలేదు. ఉద్యోగం పోవడమో క్రిమినల్ కేసు కావడమో నూటికి ఒకటి కూడా లేదు. ఇంకో సంగతి నాకు మరీ ఆసక్తిగా అనిపించింది: తనిఖీలు జరిగేకొద్దీ కూలి విషయంలో దొంగతనం తగ్గి, సామాను బిల్లుల్లో మోసం పెరిగింది. కూలి ఎగ్గొడితే అరుగు మీద అమ్మ చెప్పేస్తుంది. సిమెంటు బస్తా ధర ఆమెకు తెలియదు. దొంగ కూడా నేర్చుకుంటున్నాడు, తనిఖీ మాత్రం అదే ఫారం నింపుతోంది.

దీన్ని చూసి సామాజిక తనిఖీ దండగ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కూలి దొంగతనం తగ్గిందంటే పొద్దున పార పట్టిన మనిషి చేతికి డబ్బు ఎక్కువ చేరిందన్నమాట. మొదటి డిమాండు అదే కదా! లోపం వేరేచోట ఉంది. రాజస్థాన్ పల్లెలో విచారణ ముగిశాక సంఘటన్ అక్కడే ఉండేది. సర్పంచి కక్ష కడితే వెనక నిలబడే మనుషులు ఉండేవారు. మన ఊళ్లో తనిఖీ బృందం సంచీ సర్దుకుని పక్క మండలానికి వెళ్లిపోతుంది. ప్రజావేదిక మీద నిజం చెప్పిన ఆమె, మర్నాడు మళ్లీ అదే ఫీల్డ్ అసిస్టెంటు దగ్గర పని అడగాలి. కూలీలతో శ్రమశక్తి సంఘాలు పెట్టింది ఆ లోటు పూడ్చడానికే కానీ, పైనుంచి పెట్టిన సంఘానికి కింది నుంచి పుట్టిన సంఘం బలం రాదు. 2012లో ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టమే చేసింది. వసూళ్లు మాత్రం చట్టమంత వేగంగా కదల్లేదు.

సంఘటన్ వాళ్లకు ఈ లోటు అర్థమైనట్టే ఉంది, ఎందుకంటే మళ్లీ డిమాండు మార్చారు. దొంగతనం చూపించే హక్కు వచ్చింది, చూపించాక ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలి, చెప్పకపోతే ఎవరి జీతం కోయాలి అన్నది ఏ కాగితంలోనూ లేదు. దానికోసం జవాబ్‌దేహీ (జవాబుదారీ) చట్టం కావాలని 2015 డిసెంబరు 1న జైపూర్ నుంచి యాత్ర బయల్దేరి, వంద రోజుల్లో రాజస్థాన్‌లోని అప్పటి 33 జిల్లాలూ తిరిగింది. ప్రతి మజిలీలో జనం ఫిర్యాదులు రాయించి, నంబరేసి, అధికారుల ముందు పెట్టారు. దారిలో ఝాలావాడ్ జిల్లాలో యాత్ర మీద దాడి జరిగింది. 2021 డిసెంబరులో మళ్లీ యాత్ర చేశారు. ముసాయిదా తయారైంది, హామీలు వచ్చాయి. 2023లో ప్రభుత్వం మారేనాటికి కూడా అది చట్టం కాలేదు.